మా వంతు వాన

ఆరుద్ర కార్తె, రెండో పాదం

ఇవాళ పొద్దున మా గుట్టకిందపల్లె వంతు వాన పడింది. నీరటిగా నా పని నేను చేశాను. నడి చేలో నిలబడి, రాగి చెంబు తలపైకెత్తి, గుట్ట మీద మబ్బుల్ని నడిపే టవరు వైపు తిరిగి "దించు" అన్నాను. మబ్బు వచ్చి మా పొలాల మీద ఆగింది. చెంబులో నీళ్ళు గీత దాకా చేరగానే "ముట్టింది" అని కేకేశాను. మబ్బు పక్క ఊరికి కదిలిపోయింది.

వెనకటి రోజుల్లో చెరువు నీళ్ళు పంచే మనిషిని నీరటి అనేవాళ్ళట. ఇప్పుడు చెరువులో నీళ్ళు లేవు గానీ పేరు మిగిలింది. మబ్బుల కోసం ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుని తలకాయలు పగలగొట్టుకున్నాక, సర్కారు ఈ వంతుల పద్ధతి పెట్టింది. టవరుకు రెండు తాళాలు. ఒకటి ఆకాశం ఆఫీసు అనుమతి, రెండోది ఆ ఊరి నీరటి గొంతు. రెండిట్లో ఏది లేకపోయినా చినుకు రాలదు. అందుకే ఊరు చూసి చూసి గొంతున్న ఆడదాన్ని ఎన్నుకుంది.

వాన ఎక్కడ పడింది, ఎంత పడింది అని నీరటి చిట్టాలో రాస్తే చాలు. నాకు అంతటితో చెయ్యి ఆగదు. ఎలాగూ చదివేవాడు లేడు కాబట్టి నా ఇష్టం.

పదును బాగుంది. నేనూ మా మరిది తిప్పేసూ కలిసి నాలుగెకరాల్లో వేరుశనగ విత్తేశాం. మా అత్త కుండలో బూడిద కలిపి దాచుకుంటూ వచ్చిన నాటు విత్తనం అది. ఈ పంట పోతే ఆ విత్తనం బయట ఎక్కడా దొరకదు.

ఆరుద్ర, నాలుగో పాదం

ఊళ్ళోకి సినిమా కంపెనీ వచ్చింది. ఈ కాలంలో సినిమాలన్నీ పెట్టెల్లోనే తయారవుతాయి, మనుషులూ అక్కర్లేదు, నేలా అక్కర్లేదు. జనానికి అవి మొహం మొత్తాయట. అసలు మనుషులతో, అసలు మట్టి మీద తీసిన సినిమా అంటే ఎగబడి చూస్తున్నారట. అలాంటి కంపెనీల కోసం రాష్ట్రాలు ఒకదాని మీద ఒకటి పోటీ పడుతున్నాయి. పన్నులు వద్దంటాయి, కరెంటు ఊరికే ఇస్తామంటాయి. మా రాష్ట్రం ఇంకో మెట్టు ఎక్కి ఆకాశం కూడా ఇస్తానంది.

ఊరందరినీ వేరుశనగ గోదాములోకి పిలిచారు. రాయితీల ఆఫీసరు హేమలత మేడం వచ్చింది. దర్శకుడు శశాంక్ మైకు వద్దని, చేతులు కట్టుకుని మా ముందు నిలబడి కథ చెప్పాడు. వీరన్న అనే రైతు. వానలు లేవు. పెళ్ళాం జబ్బుతో పోతుంది. అప్పులవాళ్ళు ఆవును తోలుకుపోతారు. పిడికెడు విత్తనాలు పట్టుకుని వీరన్న ఎండిన చేలో నిలబడతాడు. ఆ పిల్లాడు చెబుతుంటే గోదాములో ముక్కు చీదుళ్ళు తప్ప వేరే చప్పుడు లేదు. నేనూ ఏడ్చాను.

మా ఎర్రిస్వామి మామ ఊరికి పెద్ద. ఆయన కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"ఆఖరుకు వాన పడతాది కద సామీ?"

"పడుతుంది తాతా. పెద్ద వాన. అదే మన క్లైమాక్స్. సినిమా అంతా దానికోసమే."

"యాడ పడతాది? మా చేన్ల మీదనేనా?"

"మీ చేల మీదే. మీరంతా ఆ వానలో తడుస్తూ గంతులేస్తారు. ఆశ్లేష అంటారు చూడండి, అప్పటికి."

ఆశ్లేష అంటే సరిగ్గా పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగే కాలం. వేరుశనగకు అప్పుడే కదా వాన కావాలి. ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత హేమలత మేడం ఏదో ఒప్పందం చదివింది. షూటింగ్ పూర్తయ్యే వరకు ఈ ఊరి ఆకాశం కంపెనీ అధీనంలో ఉంటుందని అందులో ఉంది. అది ఎవరికీ చెవికెక్కలేదు. కథ వింటున్నప్పటి మైకం ఇంకా దిగలేదు. చేతులెత్తమంటే ఎత్తేశాం.

కథ ముగింపునే మేము ఒప్పందం అనుకున్నాం.

పుష్యమి, రెండో పాదం

చేను పూత మీద ఉంది. పచ్చగా, పసుపు పూలతో చూడముచ్చటగా ఉంది. కంపెనీకి అది నచ్చలేదు.

"అమ్మా, ఇది మరీ గ్రీన్‌గా ఉందండీ. కరువు ఫీల్ రావట్లేదు" అన్నాడు మేనేజరు వికాస్.

ఆ ఊళ్ళో ఈ ఊళ్ళో కురుస్తున్న మబ్బును మా దాకా రానివ్వకుండా టవరు తిప్పించారు. నా కళ్ళ ముందే, గుట్ట ఇవతలికి వచ్చిన మబ్బు వచ్చిన దారినే వెనక్కి పోయింది. నేను చెంబు పట్టుకుని ఊరికే నిలబడ్డాను. రెండు తాళాల్లో ఆఫీసు తాళం కంపెనీ చేతికి పోయింది కదా, నా గొంతొక్కటి ఏం చేస్తుంది.

మాకు మాత్రం పని దొరికింది. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ రైతుల వేషం వేయాలి. మేం రైతులమే, అయినా వేషం వేయాలి. నా చీర బాగుందని విప్పించి చిరుగుల చీర ఇచ్చారు. ఎర్రిస్వామి మామకు గడ్డం అతికించారు. మామకు సొంత గడ్డం ఉంది. అది సరిపోదట.

ఇవాళ నన్ను నా చేలోనే నిలబెట్టి ఏడిపించారు. ఏడ్చాను. చాల్లేదన్నారు. ఎండుతున్న మొక్కను చేత్తో పట్టుకుని చూస్తూ ఏడవమన్నారు. చూశాను. ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది. "సూపర్ అమ్మా, చాలా నేచురల్" అన్నాడు శశాంక్. నా మరిది పక్కన లేకపోతే ఆ మాటకు చెంబు విసిరేదాన్ని.

ఈ కూలీలో సగం సర్కారు తిరిగి కంపెనీకి ఇస్తుందట. స్థానికులకు పని కల్పించినందుకు బహుమానం. సర్కారుకు డబ్బెక్కడిది? మేం కట్టే ఆకాశం పన్ను. అంటే నా పన్ను తీసుకుని నాకే కూలీగా ఇచ్చి, నా చేను ఎండబెట్టి, నన్ను దాని ముందు నిలబెట్టి ఏడవమంటున్నారు. ఇంత తెలివి పెట్టుకుని వీళ్ళు ఇంకా సినిమాలు తీసుకుంటూ ఎందుకున్నారో నాకు అర్థం కాదు.

పుష్యమి, నాలుగో పాదం

ఒక సంగతి కనిపెట్టాను. వీరన్న పెళ్ళాం మొన్ననే చచ్చిపోయింది. పాడె కట్టారు, మోశారు. ఇవాళ చూస్తే వాళ్ళిద్దరికీ పెళ్ళి చేస్తున్నారు. తిప్పేసు తలంబ్రాల బియ్యం పట్టుకుని నిలబడ్డాడు. అడిగితే, సినిమాను వరసగా తీయరట, ఏది కుదిరితే అది ముందు తీస్తారట, తర్వాత అతికించుకుంటారట.

నేరుగా శశాంక్ దగ్గరికి వెళ్ళాను.

"నాయనా, పెండ్లికి ముందే సావు తీస్తివి కద. ఆ వాన సీనూ ముందే తీసేయి. ఊడలు దిగే టైము వస్తాండాది."

అతను నవ్వాడు. మంచిగానే నవ్వాడు, అదే నాకు మండింది.

"కంటిన్యుటీ పోతుందమ్మా. ఒకసారి వాన పడితే చేలన్నీ పచ్చగా అయిపోతాయి. మళ్ళీ ఎండాలంటే నెల పడుతుంది. అందుకే వాన లాస్ట్."

"అంటే మా చేను ఎండిపోయినాక వాన పడతాదా?"

"కథ అదే కదమ్మా."

ఆశ్లేష, మూడో పాదం

ఊడలు నేల దాకా దిగాయి. నేల గట్టిపడిపోయింది, లోపలికి పోవడంలేదు. కొనలు నల్లబడుతున్నాయి. ఊడ మట్టిలోకి దిగకపోతే కాయ లేదు, ఇంకేం లేదు. తిప్పేసు తాగే నీళ్ళు బిందెలతో మోసి సాళ్ళలో పోస్తున్నాడు. కంపెనీ మనిషి వచ్చి, తడి మరకలు కెమెరాలో కనిపిస్తున్నాయి, మానేయమన్నాడు. తిప్పేసు అతన్నీ బిందెనూ మార్చి మార్చి చూశాడు. నేనే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను.

పట్నం వెళ్ళి హేమలత మేడంను కలిశాను. చల్లటి గది. గోడ మీద మా ఎర్రిస్వామి మామ ఫొటో, అతికించిన గడ్డంతో. కింద "రండి, మా నేల మీద తీయండి" అని రాసుంది.

"మేడం, ఆశ్లేష అన్నారు. ఆశ్లేష పోతాండాది. వాన సీను ఎప్పుడు తీస్తారో ఒక మాట అడిగి చెప్పండి."

"షెడ్యూల్ కంపెనీ ఇష్టం అమ్మా. మేం జోక్యం చేసుకోలేం. చేసుకుంటే వాళ్ళు ఇంకో రాష్ట్రానికి వెళ్ళిపోతారు."

"పోతే పోనీండి."

"అలా అంటే ఎలా? మీ మండలానికి ఎంత పేరు వస్తుందో తెలుసా? సినిమా చూసి టూరిస్టులు వస్తారు."

"ఏం సూడను వస్తారు మేడం? ఎండిపోయిన చేన్లా?"

ఆవిడ బెల్లు కొట్టి మనిషిని పిలిచింది. మంచి మనిషేనేమో, కాఫీ ఇప్పించింది. తాగకుండా వచ్చేశాను.

మఖ, రెండో పాదం

ఇవాళ క్రేన్లు విప్పుతున్నారు. వాన సీనుకు సిద్ధమవుతున్నారనుకుని పిల్లలు కేకలు పెట్టారు. తీరా చూస్తే లారీలకు ఎక్కిస్తున్నారు.

పక్క రాష్ట్రం రాయితీ పెంచిందట. మా రాష్ట్రం సగం తిరిగి ఇస్తుంటే వాళ్ళు ముప్పాతిక ఇస్తారట. అందుకని మిగిలిన సినిమా అక్కడ. మిగిలింది ఏమిటయ్యా అంటే వాన సీను.

"పోతే పోయినారు. ఆకాశం మాకు ఇచ్చేసి పొమ్మను" అన్నాడు ఎర్రిస్వామి మామ. వికాస్ బిక్కమొహం పెట్టి ఒప్పందం చూపించాడు. షూటింగ్ పూర్తయ్యే వరకు మా ఆకాశం కంపెనీది. షూటింగ్ ఎక్కడ జరిగినా షూటింగే. ఆ పక్క రాష్ట్రం డబ్బు ఎక్కువ ఇచ్చింది గానీ మబ్బులు ఇవ్వలేదు. అందుకని మబ్బులు ఇక్కడివి తీసుకుపోతున్నారు. ఇన్నాళ్ళూ మా మీద పడనివ్వకుండా ఆపిన వంతులన్నీ మూటగట్టుకుని వెంట తోలుకుపోతున్నారు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. సినిమాలో అవే మొహాలు ఉండాలి కాబట్టి మేమూ రావాలట. బస్సులు పెడతారట, భోజనాలు పెడతారట. వానలో గంతులెయ్యాలట.

"నేను రాను వదినా. వస్తే ఎవడినో ఒకడిని కొడతా" అన్నాడు తిప్పేసు.

"రా. నేను పోతాండా. మన వాన యాడ పడతాదో రాసుకోవాల్సింది నేను" అన్నాను. చెంబు సంచిలో పెట్టుకున్నాను. వికాస్ ఆ చెంబు వైపు చూసి, నాకు ముందు సీటు ఇచ్చాడు. అప్పుడు అర్థమైంది. వాన మా ఊరి వంతు. రెండో తాళం నా గొంతు. ఇన్నాళ్ళూ "అమ్మా, అమ్మా" అన్నది ఊరికే కాదు.

పుబ్బ, మొదటి పాదం

పక్క రాష్ట్రంలో ఉన్నాం. నేల ఎర్రగా మా నేలలాగే ఉంది, అందుకే ఎంచుకున్నారు. మాట కాస్త వేరు, కానీ అర్థమవుతుంది.

షూటింగ్ చేల పక్కనే కల్లాలు. వాటి నిండా పెసర్లు ఆరబోసి ఉన్నాయి. కోసి కుప్ప వేయాల్సిన పెసర చేలు ఇంకా అంతే ఉన్నాయి. ఇప్పుడు వాన పడితే కాయలోనే మొలకలొస్తాయి, కల్లాల్లోవి బూజు పడతాయి. నా వయసే ఉన్న ఒకామె కుప్ప మీద పట్టా కప్పుతూ కనిపించింది. పేరు నీలవ్వ.

"మీకేం చెప్పినారు అక్కా?" అని అడిగాను.

"కథ చెప్పిన్రు. వీరన్నని ఒకడుంటడు, ఆయన పంట చేతికొచ్చినాక సినిమా అయిపోతదన్నరు. మేం మంచిగుందని చేతులెత్తినం. వాన సంగతి చెప్పలే. పొద్దున చెప్పిన్రు, చిన్న వానేనట."

ఎవరి చేలకు ఏం కావాలో చూసుకుని ఆ ఊరికి ఆ ముగింపు చెప్పారు. నాకు కాళ్ళలోంచి మంట లేచింది. అప్పటిదాకా నా చేను కోసమే కోపం. ఇప్పుడు అది చాలా పెద్దదైపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కెమెరాలు పెట్టారు. మా ఊరివాళ్ళందరినీ చేలో నిలబెట్టారు. పైన మా మబ్బు. నల్లగా, నిండుగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక అంత మంచి మబ్బును నేను చూడలేదు. శశాంక్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీరు చెంబెత్తి దించు అనండమ్మా. ఆ షాట్ కూడా వాడుకుంటాం. చాలా అందంగా ఉంటుంది."

"అనను."

"ప్లీజ్ అమ్మా. మఖ వంతు ఇప్పటికే దాటింది. ఇవాళ సాయంత్రంలోపు దించకపోతే ఈ మబ్బు లాప్స్ అయిపోతుంది. సముద్రం మీదికి తోసేస్తారు. ఎవరికీ దక్కదు. మీ చేను ఎలాగూ..."

ఎలాగూ పోయిందనే మాట మింగేశాడు. నేను తిప్పేసు వైపు చూశాను. వాడు తలెత్తి మబ్బునే చూస్తున్నాడు. ఒక్కమాట అంటే ఆ వాన కింద తడవొచ్చు. మా వాన, ఒంటి మీదైనా పడుతుంది. వాడి కళ్ళల్లో ఆ ఆశ కనిపించింది. మళ్ళీ వాడే నీలవ్వ కల్లం వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

చెంబు నేల మీద బోర్లించాను. మా దగ్గర నీరటి చెంబు బోర్లిస్తే ఆ పూట వాన వద్దని అర్థం. దాని పక్కనే చతికిలబడ్డాను. ఎర్రిస్వామి మామ వచ్చి కూర్చున్నాడు. గడ్డం పీకి పక్కన పెట్టాడు. తిప్పేసు కూర్చున్నాడు. ఊరంతా కూర్చుంది. వికాస్ బతిమాలాడు, బెదిరించాడు, భోజనాలు పెట్టనన్నాడు. ఎవరూ లేవలేదు. సాయంత్రానికి మా మబ్బు తూర్పుగా పోయింది. పోతుంటే అందరం చూస్తూ కూర్చున్నాం. నేను వెక్కి వెక్కి ఏడ్చాను, ఆ పొద్దు ఎవరూ ఏడవమని అడగలేదు.

నీలవ్వ జొన్నరొట్టెలు తెచ్చి పెట్టింది.

చిట్టాలో రాయాల్సింది: గుట్టకిందపల్లె వంతు వాన ఎక్కడా పడలేదు.

చిత్త, మూడో పాదం

చేను పీకేశాం. కట్టె తప్ప కాయ లేదు. బావి గట్టు కింద తిప్పేసు బిందెలతో తడిపిన నాలుగు సాళ్ళలో మాత్రం ఏరితే చాటెడు కాయలొచ్చాయి. అత్త వాటిని ఒలవకుండా కుండలో పోసి మూత కట్టింది.

శతభిషం, మొదటి పాదం

సినిమా వచ్చింది. పన్ను మినహాయింపు ఇచ్చారు. మా గోదాములోనే తెర కట్టి ఊరికే చూపించారు.

ఆఖర్న వాన లేదు. మేమే ఉన్నాం. నల్లటి మబ్బు కింద చేలో కూర్చున్న జనం, మధ్యలో బోర్లించిన చెంబు, గడ్డం పీకి పక్కన పెడుతున్న ఎర్రిస్వామి మామ, ఏడుస్తున్న నేను. శశాంక్ ఆ రోజు కెమెరా ఆపనే లేదు. వెనకాల వీణో ఏదో మోగుతోంది. నగరాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇలాంటి ముగింపు ఎవరూ రాయలేరని పేపర్లో రాశారు. నిజమే, ఎవరూ రాయలేదు. మా కోపం వాళ్ళకు ఊరికే దొరికింది. ఆ రోజు మేం కూర్చున్నందుకు కూడా కూలీ లెక్క చూపించి ముప్పాతిక రాబట్టుకున్నారని వికాస్ ఫోన్ చేసి చెప్పాడు. సంతోషిస్తాననుకున్నాడో ఏమో.

సినిమా మొదట్లో రెండు రాష్ట్రాలకూ కృతజ్ఞతలు వేశారు. మా ఊరి పేరు లేదు.

మృగశిర, నాలుగో పాదం

హేమలత మేడం మళ్ళీ వచ్చింది. వేరే కంపెనీ, వేరే దర్శకుడు. రాయితీ ఇప్పుడు మా రాష్ట్రంలోనే ఎక్కువ. మళ్ళీ గోదాము. మళ్ళీ కథ. ఈసారి రైతు కాదు, ఊరు వదిలిపోయిన ఒక బడిపంతులు. మంచి కథే. అబద్ధమెందుకు, నేను మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాను. ఆ విద్య వాళ్ళకు బాగా వచ్చు.

చేతులెత్తమన్నారు. ఎర్రిస్వామి మామ లేచాడు.

"సామీ, ఇందులో వాన సీను ఉండాదా?"

"ఉంది పెద్దాయనా. క్లైమాక్స్‌లో."

"దాన్ని ముందు తీయండి."

దర్శకుడు నవ్వాడు. "అలా కుదరదండీ. కంటిన్యుటీ ఉంటుంది కదా."

"మాకూ ఉంటాది" అన్నాడు మామ. "విత్తు, పూత, ఊడ, కాయ. మాదీ వరస తప్పితే అతకదు."

నేను లేచి వెళ్ళి ఆ పిల్లాడి కాళ్ళ ముందు చెంబు బోర్లించాను. వాడికి అర్థం కాలేదు, హేమలత మేడంకు అయింది. ఒప్పందం చదవడానికి తెరిచిన కాగితం మడిచేసింది. గోదాములో ఒక్క చెయ్యి లేవలేదు. కంపెనీ కారు దుమ్ము రేపుకుంటూ పోయింది. నీలవ్వ ఊరికి కబురు చేశాను. వాళ్ళ దగ్గరికి వస్తే వాళ్ళూ ఇదే అడుగుతామన్నారు.

ఆరుద్ర, మొదటి పాదం

అత్త కుండ తీసి ఇచ్చింది. ఆ చాటెడు కాయలూ ఒలిచి బావి గట్టు కింద నాలుగు సాళ్ళలో నాటాం. మిగతా చేనంతా నీలవ్వ పంపిన పెసర్లు చల్లాం. నాటు విత్తనం మళ్ళీ నాలుగెకరాలకు సరిపడా కావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. తిప్పేసు అడిగితే తెలియదనే చెప్పాను.

పొద్దెక్కాక ఆఫీసు అనుమతి వచ్చింది. నడి చేలో నిలబడి చెంబెత్తాను. "దించు" అన్నాను. గుట్ట దాటి మబ్బు వచ్చింది, ఈసారి వెనక్కి పోలేదు. ఎవరూ గంతులెయ్యలేదు. ఎవరి చేలో వాళ్ళు నిలబడి తడిశారు.

నీళ్ళు గీత దాకా వచ్చాయి. పక్క రాష్ట్రం దాకా వినపడాలని గొంతు చించుకుని అరిచాను.

ముట్టింది.